లైనర్లు కొనే ముందు డ్రమ్ము విప్పించి చూడండి

మీది పాత ఆరు టైర్ల లారీ, ఎయిర్ బ్రేకులు. వెనక ఎడమ చక్రం దగ్గర గీసుకుంటున్న చప్పుడు వస్తోంది. మెకానిక్ ఆ ఒక్క వైపు లైనర్లు (బ్రేకు తొక్కితే డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) వేస్తే చాలంటున్నాడు, డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె) కూడా మార్చాలా అని అడిగారు. దయచేసి ఒక్క వైపు మాత్రం వేయించకండి.

మా లారీకీ ఇదే జరిగింది. లైనర్ రివెట్ల దాకా అరిగిపోయి డ్రమ్ములో గాడి పడింది. ఖర్చు తగ్గుతుందని ఎడమ వైపు లైనర్లు మాత్రమే మార్పించాను. నెల తిరక్కుండానే, సిమెంటు లోడుతో శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే, బ్రేకు తొక్కినప్పుడల్లా బండి కుడికి గుంజింది. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. రెండో గేరులో పాకించుకుంటూ కిందికి తెచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. విప్పి చూస్తే హబ్ ఆయిల్ సీల్ (చక్రం మధ్యలో నూనె బయటికి రాకుండా ఆపే రింగు) కారుతోంది, కొత్త లైనర్లు క్రౌన్ ఆయిల్‌లో, అంటే వెనక ఇరుసు గేర్ల నూనెలో, నానిపోయి ఉన్నాయి. నూనె పీల్చిన లైనర్‌ను ఎంత కడిగినా పట్టు రాదు, పారేయాల్సిందే.

అందుకే ముందు సీల్ చూడండి, కారుతున్నట్టు కనిపిస్తే రెండు వైపులా మార్చేయండి. తర్వాత డ్రమ్ము. లోపల వేడికి పడిన సన్నని గీతలుంటే భయం లేదు. పగులు అంచు దాకా పాకితే మాత్రం ఆ డ్రమ్ము తుక్కుకే. గాడి ఉంటే లేత్ మీద టర్నింగ్ (లోపలి వైపు చెక్కి నునుపు చేయడం) చేయించవచ్చు, కానీ డ్రమ్ము మీద పోత పోసి ఉన్న గరిష్ఠ కొలత దాటకూడదు. టర్నింగ్ చేసిన డ్రమ్ముకు మామూలు లైనర్ సరిగా ఆనదు, ఓవర్‌సైజ్ (మందం ఎక్కువున్నది) అడగండి. ఒక వైపు చేయిస్తే రెండో వైపు కూడా అదే కొలతకు చేయించాలి.

రివెట్లు మధ్య నుంచి చివరలకు కొట్టించండి, లేదంటే లైనర్ షూ (దాన్ని బిగించే ఇనుప వంపు) మీద ఉబ్బుతుంది. బ్రేకు వదిలాక షూలను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులు సాగి ఉంటే మార్చండి. షూలను తెరిచే క్యామ్ తిరిగే బుష్ వదులైతే ఎంత మంచి లైనరైనా వంకరగా అరుగుతుంది, చాలామంది దీన్ని చూడరు. పాత లైనర్ల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. పార్కింగ్‌కు స్ప్రింగ్ చాంబర్ (గట్టి స్ప్రింగుతో బ్రేకు పట్టి ఉంచే డబ్బా) ఉంటే దాని బిగింపును ఎవరినీ విప్పనివ్వకండి. లోపలి స్ప్రింగు బుల్లెట్‌లా ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది.

చక్రం ఎత్తి, స్లాక్ అడ్జస్టర్‌ను (లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందు సర్దే మీటను) చక్రం ఆగేదాకా బిగించి పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఖాళీగానో తక్కువ లోడుతోనో, మెల్లగా బ్రేకు వేస్తూ తిప్పండి. తర్వాత మళ్లీ అడ్జస్ట్ చేయించి, అప్పుడే ఘాట్ ఎక్కించండి.