నగరపు ఆకాశం కింద చిన్న టెలిస్కోపుతో గెలాక్సీలను ఫోటో తీయగలమా?

మీరు అడిగినవి రెండు విషయాలు: 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్‌తో, అంటే కటకంతో పనిచేసే టెలిస్కోపుతో, నగరం నడుమ నుంచి దూరపు గెలాక్సీలను ఫోటో తీయగలమా అన్నది ఒకటి, అందుకు ఏ ఫిల్టర్ కొనాలన్నది మరొకటి. తీయగలరు, ఫిల్టర్ మాత్రం ఇప్పుడే కొనవద్దు. దాదాపు అదే పరిమాణం గల టెలిస్కోపుతో, పాలపుంత జాడ కూడా కంటికి ఆనని ఆకాశం కింద, మేడ మీద నుంచే కొన్నేళ్లుగా గెలాక్సీలను తీస్తున్నాను కనుక, నాకు అనుభవంలో తేలిన సంగతులు రాస్తున్నాను.

ముందుగా, దూరం గురించి బెంగ పెట్టుకోకండి. గెలాక్సీ దూరమయ్యే కొద్దీ దాని నుంచి మనకు చేరే కాంతి తగ్గుతుంది, కానీ ఆకాశంలో అది ఆక్రమించే విస్తీర్ణం కూడా అదే పాళ్లలో కుంచించుకుపోతుంది. అందువల్ల మనం తీయబోయే గెలాక్సీల విషయంలో ఉపరితల ప్రకాశం, అంటే ఆకాశంలో ఒక్కో చదరపు ఆర్క్‌సెకను (ఆర్క్‌సెకను డిగ్రీలో 3600వ వంతు) నుంచి వచ్చే వెలుగు, దూరాన్ని బట్టి దాదాపు మారదు. నగరంలో తేల్చేది ఈ ఉపరితల ప్రకాశమే. మెస్సియే జాబితాలోని ఎం101, ఎం104 గెలాక్సీలు రెండూ మొత్తం వెలుగులో ఎనిమిదో మాగ్నిట్యూడ్ దరిదాపులవే (మాగ్నిట్యూడ్ వెలుగుకు కొలత, అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది). మొదటిది సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, రెండోది సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అయినా నగరంలో సులువుగా చిక్కేది దూరంగా ఉన్న ఎం104యే, ఎందుకంటే ఎం101 వెలుగు దాదాపు నిండు చందమామ అంత మేర పలచగా పరుచుకుంటే, ఎం104 వెలుగు అందులో ఇరవయ్యో వంతుకు మించని చోటులో బిగిసి ఉంటుంది.

చీకటి నిజంగా మిగిలిన చోట ఆకాశపు వెలుగు చదరపు ఆర్క్‌సెకనుకు 22 మాగ్నిట్యూడ్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద నగరాల నడుమ, అంటే జాన్ బోర్టిల్ ఆకాశపు చీకటిని కొలవడానికి 2001లో ప్రతిపాదించిన తొమ్మిది మెట్ల కొలమానంలో చివరి రెండు మెట్ల దగ్గర, అది 18 వరకూ వస్తుంది. నాలుగు మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో సుమారు 40 రెట్లు. సర్పిల గెలాక్సీల బయటి భుజాలు 22, 23 మాగ్నిట్యూడ్‌ల వెలుగులోనే ఉంటాయి కనుక, అక్కడ సెన్సర్‌పై పడే ప్రతి వంద ఫోటాన్లలో గెలాక్సీవి ఒకటో రెండో మాత్రమే. ఆకాశపు వెలుగును సాఫ్ట్‌వేర్ తీసివేయగలదు కానీ, దాని వెంట వచ్చిన నాయిస్‌ను, అంటే క్రమం లేని హెచ్చుతగ్గులను, తీసివేయలేదు. అది తగ్గాలంటే ఎక్కువసేపు కాంతిని పోగుచేయడమే మార్గం, అది కూడా సమయాన్ని నాలుగింతలు చేస్తేనే నాణ్యత రెండింతలవుతుంది. మసక భుజాల విషయంలో చీకటి చోట గంటలో దొరికేదానికి నగరంలో 40 గంటలు పడుతుందన్నమాట. కేంద్ర భాగాలకు ఇంత శిక్ష లేదు: ఎం82 పట్టీ, ఎం51 కేంద్రం నిమిషాల్లోనే బయటపడతాయి, ఎం51 లోపలి భుజాలు రెండు మూడు గంటల సేకరణతో తీరుగా తేలతాయి.

ఫిల్టర్ వద్దన్నదానికి కారణం ఇది. ఎమిషన్ నీహారికల (తామే వెలిగే వాయు మేఘాల) వెలుగు 656.3 నానోమీటర్ల హైడ్రోజన్-ఆల్ఫా వంటి కొన్ని సన్నని రేఖల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ రేఖలను మాత్రమే లోపలికి వదిలే నారోబ్యాండ్ ఫిల్టర్లు అక్కడ అద్భుతంగా పనిచేస్తాయి. గెలాక్సీ నుంచి వచ్చేది ప్రధానంగా నక్షత్రాల వెలుగు, అది వర్ణపటమంతటా ఉంటుంది. పాత సోడియం దీపాల వెలుగును కొంతవరకు వేరుచేసి ఆపగలిగేవారు. తెల్లని ఎల్‌ఈడీ దీపాల వెలుగు కూడా వర్ణపటమంతటా ఉండేదే కనుక, దాన్ని ఆపే ఫిల్టర్ గెలాక్సీనీ ఆపేస్తుంది. ఎం82 నుంచి ఎగసే ఎర్రని హైడ్రోజన్ ధారలను విడిగా పట్టాలనుకుంటే మాత్రం హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్ పనికొస్తుంది.

ఎక్స్‌పోజర్ల విషయంలో నగరం మనకు కలిసివస్తుంది. ఒక్కో ఫ్రేములో ఆకాశపు నాయిస్ కెమెరా రీడ్ నాయిస్‌ను (సెన్సర్‌ను చదివేటప్పుడు చేరే నాయిస్‌ను) మించిపోయాక, ఆ ఫ్రేమును ఇంకా పొడిగించడం వల్ల లాభం దాదాపు లేదు. ఇంత వెలుగున్న ఆకాశంలో, ఇప్పటి సీమాస్ కెమెరాలతో, 15 నుంచి 30 సెకన్లు చాలు. అందువల్ల ఖరీదైన మౌంట్ (టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పే పీఠం) లేకపోయినా పని జరుగుతుంది.

నా దృష్టిలో టెలిస్కోపు కన్నా ముఖ్యమైనవి ఫ్లాట్ ఫ్రేములు, అంటే సమంగా వెలిగే తలాన్ని తీసి, పరికరపు లోపాలను సరిచేయడానికి వాడే ఫోటోలు. లెన్సు అంచుల వైపు వెలుగు తగ్గడం, సెన్సర్ ముందున్న ధూళి రేణువుల నీడలు పడడం ఏ పరికరంలోనైనా ఉండేవే. చీకటి ఆకాశంలో వీటిని కొంత ఉపేక్షించవచ్చు. నగరంలో అయితే నేపథ్యమే కొండంత వెలుగు; అందులో రెండు శాతం హెచ్చుతగ్గు అంటే మీరు వెతుకుతున్న భుజం అంత వెలుగన్నమాట. ఫ్లాట్లు సరిగా లేని చిత్రంలో కాంట్రాస్ట్ పెంచేకొద్దీ గెలాక్సీకి బదులు వలయాలు, మచ్చలు పైకి తేలతాయి. కాబట్టి ఆ రాత్రి కెమెరాను తిప్పకుండా, ఫోకస్ కదపకుండా, సమంగా వెలిగే ప్యానెల్‌తో గానీ తెల్లబట్ట కప్పి సంధ్యాకాశంతో గానీ వాటిని తీసుకోండి. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య టెలిస్కోపును కొన్ని పిక్సెళ్లు జరిపే డిథరింగ్ కూడా తప్పనిసరి.

స్టాకింగ్‌కు, అంటే ఫ్రేములన్నిటినీ కలిపి ఒకే చిత్రం చేయడానికి, ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. నేపథ్యపు వెలుగులోని వాలును తీసేటప్పుడు, నేపథ్యాన్ని కొలిచే నమూనా బిందువులు గెలాక్సీ మీద పడకుండా చూసుకోండి, లేకపోతే దాని మసక అంచులు కూడా నేపథ్యంతో పాటే కొట్టుకుపోతాయి. అందరూ మొదటగా సూచించే ఎం31ను (ఆండ్రోమెడా గెలాక్సీని) నేను నగరంలో ఉన్నవారికి సూచించను: మూడు డిగ్రీలు పరుచుకున్న దాని పళ్లెంలో ఏది గెలాక్సీ, ఏది నగరపు వెలుగు అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం కష్టం.

వెన్నెల లేని రాత్రి, అర్ధరాత్రి దాటాక, లక్ష్యం ఆకాశంలో ఎత్తుగా ఉన్నప్పుడు ఎం82, ఎం104, ఎం51లతో మొదలుపెట్టండి. తర్వాత కన్యారాశిలోని ఎం87కు వెళ్లండి; అది సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నిజంగా దూరమే కావాలనుకుంటే అదే రాశిలో త్రీసీ 273 అనే క్వేజార్ (దూరపు గెలాక్సీ నడుమ ఉండే అతి ప్రకాశవంతమైన కేంద్రం) ఉంది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపట రేఖల రెడ్‌షిఫ్ట్‌ను (అవి ఎరుపు వైపు జరగడాన్ని) గుర్తించి, అది పాలపుంతకు ఎంతో ఆవలిదని తేల్చారు. రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరంలో ఉన్నా, పదమూడో మాగ్నిట్యూడ్ చుక్కలా ఒకే బిందువుగా కనిపిస్తుంది కనుక నగరపు వెలుగు దాన్ని మింగలేదు. మీ టెలిస్కోపుకు కొద్ది నిమిషాలు చాలు. నక్షత్ర పటంతో పోల్చి చూస్తే తప్ప పక్క చుక్కల నుంచి దాన్ని వేరుగా గుర్తుపట్టలేరు, కాబట్టి ఆ పటాన్ని ముందే సిద్ధం చేసుకోండి.