నాయనమ్మ బులాకీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం పోయిన బుధవారం అందింది. "పోర్ట్రెయిట్‌కు ఏ లెన్సు కొనాలి" అన్న శీర్షిక చూసి, ఈ తరహావి చాలా చదివాను కదా అని బల్ల మీద పక్కకు పెట్టాను. రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వు అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకు, మా చిన్నవాడి కంటే నువ్వు చిన్నవాడివే. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. ఆ ముక్క ఇంతటితో చాలు.

పన్నెండు పేజీల్లో "వెనకాల అంతా వెన్నలా కరిగిపోతుంది" అన్న మాట ఏడుసార్లు రాశావు. ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. మన ఇళ్లల్లో వెన్న కరిగితే నెయ్యి అవుతుంది, గిన్నెలోకి వంపుకుంటాం. ఆ పోలిక నీది కాదు, ఎవరో ఇంగ్లీషులో అంటే విని తెచ్చుకున్నావు. వెనకాల మసకకు వాడే బోకే అన్న మాటా అంతే. జపాను వాళ్లు తమ భాషలో మసకను బొకె అంటారు. 1997లో ఒక అమెరికా ఫొటో పత్రిక దానికి చివర ఒక అక్షరం తగిలించి లోకమంతా తిప్పింది. మనకు మసక అనే చక్కని మాట ఉండగా, నువ్వు ఆ పరాయి మాటను పేజీకి నాలుగుసార్లు వాడి, ఒక్కచోట కూడా మసక అని రాయలేదు.

అయితే తొమ్మిదో పేజీలో మూడు వాక్యాలున్నాయి. మీ నాయనమ్మ ఉప్పాడలో ఇంటి లోపల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న 85 మిల్లీమీటర్ల లెన్సుతో గోడకు ఆనుకుని నిలబడి తీశాననీ, తీరా చూస్తే ఆవిడ ముక్కు బులాకీ తళతళలాడుతూ వచ్చి కళ్లు మసకబారాయనీ, ఆ ఫొటో పనికిరాకుండా పోయిందనీ రాశావు. రాసి, ఆ వెంటనే ఏ కంపెనీ లెన్సు ఎన్ని గ్రాములో చెప్పే పట్టిక వేశావు. నాకు నిద్ర లేకుండా చేసింది ఆ మూడు వాక్యాలే. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఆ బులాకీ ఎందుకు స్పష్టంగా వచ్చింది, కళ్లు ఎందుకు పోయాయి అన్నది విడమరచి చెప్పగలిగితే లెన్సు గురించి చెప్పవలసిందంతా అందులోనే ఉంది.

నేను ముప్పై ఏళ్లుగా ఒకటే మాట చెబుతున్నాను, విసుగు పుట్టినా మళ్ళీ చెబుతాను. ముఖం తీరును మార్చేది లెన్సు కాదు, నువ్వు నిలబడిన దూరం. "85 లెన్సు ముక్కును చిన్నది చేసి ముఖానికి అందం తెస్తుంది" అని రెండో పేజీలో రాశావు, అది తప్పు. ముక్కు కొస నుంచి చెవి దాకా సుమారు పన్నెండు సెంటీమీటర్ల లోతు ఉంటుందనుకో. అర మీటరు దూరం నుంచి తీస్తే చెవి ముక్కు కంటే నూటికి ఇరవై పాళ్లు చిన్నదిగా పడుతుంది, ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా నూటికి ఆరు పాళ్లకు దిగిపోతుంది. అక్కడ ఏ లెన్సు పెట్టినా లెక్క మారదు. పొడుగు లెన్సు చేసేదల్లా, రెండు మీటర్లు వెనక్కి జరిగినా ఫ్రేము నిండా ముఖం ఉండేలా చూడడమే. కాబట్టి మొదట దూరం తేల్చుకోవాలి, లెన్సు ఆ తరువాత.

ఇప్పుడు మీ నాయనమ్మ గది సంగతి చూద్దాం. నీ కెమెరాలో ఉన్నది చిన్న సెన్సారు, అంటే బొమ్మ పడే పలక చిన్నది. పది అడుగుల గదిలో గోడకు ఆనుకుంటే ఆవిడకు నీకు మధ్య మీటరున్నర మిగిలి ఉంటుంది. ఆ దూరంలో 85 లెన్సుకు దొరికేది 26 సెంటీమీటర్ల వెడల్పు, 39 సెంటీమీటర్ల ఎత్తు, అంటే తల తప్ప మరొకటి పట్టదు. కాంతి వచ్చే ద్వారాన్ని ఎఫ్ 1.8 దాకా పూర్తిగా తెరిస్తే (ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది) స్పష్టంగా నిలిచే లోతు రెండు సెంటీమీటర్లకు కాస్త పైన. అందులో ఇంచుమించు సగం బులాకీకి ముందున్న గాలిలోనే పోయింది, వెనక మిగిలింది సెంటీమీటరు పైచిలుకు, కళ్లు ఆ హద్దుకు అవతల ఉన్నాయి. పైగా మసక వెలుతురులో ఆటోఫోకస్ తళుక్కుమన్నదాని మీదికే పరుగెడుతుంది. ముడతల మధ్యనున్న కంటి కంటే బంగారం దానికి ముందు కనిపిస్తుంది. అదే గోడ దగ్గర అదే ఎఫ్ 1.8 తో 50 లెన్సు పెట్టి ఉంటే 45కు 68 సెంటీమీటర్ల చోటు వచ్చేది. ముఖం, భుజాలు, నూలు పట్టుకున్న చేయి కూడా పడేవి, ఆరు సెంటీమీటర్ల పైచిలుకు లోతు దొరికేది, బులాకీతో పాటు కళ్లూ నిలిచేవి. 85 గొప్పదనీ 50 పేదవాడి లెన్సనీ రాసేముందు మన ఇళ్ల గదులు ఎన్ని అడుగులో టేపు పెట్టి కొలిచి ఉండాల్సింది. పెద్ద సెన్సారున్న ఫుల్ ఫ్రేము కెమెరా ఉన్నవాడికి 85 ఇంట్లోనూ పనికొస్తుంది. నీ కెమెరాకు అది వాకిట్లో, వీధరుగు మీద, మూడు మీటర్లు వెనక్కి జరగగలిగిన చోట తీసే లెన్సు.

నీ బరువుల పట్టిక కొట్టేసి, దాని స్థానంలో ఒక్క వరస రాయి. ఫోకల్ లెంగ్తును, అంటే లెన్సు పేరులోని మిల్లీమీటర్ల అంకెను, ఎఫ్ అంకెతో భాగిస్తే కాంతి లోపలికి వచ్చే ద్వారం వెడల్పు వస్తుంది. ఎక్కడో దూరాన వెలిగే దీపం, ముఖంతో పోల్చి చూస్తే, ఫొటోలో సరిగ్గా ఆ ద్వారమంత గుండ్రని మచ్చగా పరుచుకుంటుంది. 50, ఎఫ్ 1.8 అయితే 28 మిల్లీమీటర్లు, ఇంచుమించు పది రూపాయల బిళ్లంత. 85, ఎఫ్ 1.8 అయితే 47, మంచి నిమ్మకాయంత. 85, ఎఫ్ 1.2 అయితే 71, బత్తాయంత. పెళ్లిళ్లలో మోసే కిలోన్నర బరువు జూమ్ లెన్సును 200 దగ్గర ఎఫ్ 2.8 కు తెరిచినా అదే బత్తాయి. ఇది చదివినవాడు తనకు నిమ్మకాయ చాలా, బత్తాయి కావాలా అని తానే తేల్చుకుంటాడు, నీ సలహా కోసం ఎదురుచూడడు.

ఎఫ్ 1.2 లేకపోతే పోర్ట్రెయిట్ లేదన్నట్టు రాసి, సాక్ష్యానికి అమెరికా ఫొటోగ్రాఫరు స్టీవ్ మెకర్రీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఫొటోను తెచ్చుకున్నావు. 1984లో పాకిస్తాన్‌లోని పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో ఆయన వాడింది నికాన్ వాళ్ల 105 మిల్లీమీటర్ల నిక్కార్ లెన్సు, ఎఫ్ 2.5. భాగించి చూడు, పూర్తిగా తెరిచినా 42 వస్తుంది. నీ చిన్న 85 ద్వారం కంటే తక్కువ. నీ సాక్షి నీకే ఎదురు తిరిగాడు.

వేగవంతమైన లెన్సు, అంటే పెద్ద ద్వారమున్నది, పుట్టింది మసక కోసం కాదు. తొలినాళ్లలో లోహపు పలక మీద బొమ్మ పట్టే డాగెరోటైపు కెమెరాల ముందు మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. 1840లో గణితజ్ఞుడు జోసెఫ్ పెట్స్‌వాల్ లెక్కలు కట్టి సుమారు ఎఫ్ 3.6 లెన్సు తయారు చేసేసరికి ఆ కాలం నిమిషంలోపుకు దిగింది. అంచుల్లో సుడి తిరిగినట్టుండే మసక ఆ లెన్సు లోపం. ఇప్పుడు ఆ లోపాన్నే కొత్తగా తయారు చేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. నీ కెమెరాతో వచ్చిన లెన్సు ఎఫ్ 5.6 దగ్గర తెచ్చే వెలుతురు కంటే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్లు తెస్తుంది. గుమ్మంలోంచి పడే వెలుగు తప్ప మరో దీపం లేని మగ్గం గదిలో ఇరవయ్యో వంతు సెకనుకు చెయ్యి వణికి చెడిపోయే ఫొటో రెండు వందలో వంతుకు నిలబడుతుంది. ఆ మాట నీ వ్యాసంలో ఒక్కచోటా లేదు. ఆవిడ చేతులు కదులుతున్నాయి కదా, నీకు ఆ లెన్సు అక్కరకు వచ్చింది అందుకే కదా!

ఇంత కోపం ఎందుకంటే ఈ తప్పు ముందు నేనే చేశాను. రెండు మాఘమాసాల పెళ్లిళ్లు తీసి కూడబెట్టిన డబ్బుతో 1988లో మద్రాసులో ఒక పాత 105 కొన్నాను. ఆ మరుసటి ఏడు ఒక వారపత్రిక కోసం కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఆడించే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వెనక గోడ నిండా బొమ్మలు వేలాడుతున్నాయి, రావణుడి పది తలలు ఆయన భుజం మీదుగా తొంగి చూస్తున్నాయి. కొత్త లెన్సు మోజులో ద్వారం పూర్తిగా తెరిచి రెండు రీళ్లు కొట్టాను. బొమ్మలన్నీ ఎరుపు, ఆకుపచ్చ మరకలైపోయాయి. సంపాదకుడు ప్రింట్లు చూసి, "ఎవరయ్యా ఈయన, బస్టాండులో టికెట్టు కోసం నిలబడ్డ మనిషా?" అన్నాడు. ఆ మాట అన్నందుకు అతని మీద కోపం లేదు. కానీ అదే పత్రికలో ఆ సంపాదకుడి తరువాత వచ్చినవాడు, నేను బుద్ధి తెచ్చుకుని ఎఫ్ 8 లో గోడతో సహా తీసిన ఫొటోలన్నింటినీ తలకాయల చుట్టూ కత్తెరతో కత్తిరించి తెల్ల కాగితం మీద అంటించి అచ్చువేశాడు, అందుకు పంపిన పారితోషికం మనియార్డరు ఫారం మీద రాసుకోవడానికే సిగ్గుపడేంత. ఈ మధ్య ఇంకొకరు నా ఫొటోను "బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ లేదు" అని తిప్పి పంపారు. కత్తెర పోయి మసక వచ్చింది, పని ఒకటే. ఆ రెండు రీళ్లు కొట్టిన ఏడాదికి మాధవపట్నం మళ్ళీ వెళితే ఆ పెద్దాయన మంచం పట్టి ఉన్నాడు, బొమ్మలు పెట్టెలోకి వెళ్లిపోయాయి.

ఇక "మిట్టమధ్యాహ్నం సముద్రం ఒడ్డున కూడా పూర్తిగా తెరిచి తీయవచ్చు" అన్న వాక్యం. ఆ ఎండలో కెమెరా వెలుగుకు స్పందించే గుణాన్ని, అంటే ఐఎస్ఓను, 100కు తగ్గించి పెట్టినా ఎఫ్ 1.8 కు షట్టరు ఎనిమిది వేలో వంతు సెకను కావాలి. నాలుగు వేలతో ఆగిపోయే కెమెరాలు చాలా ఉన్నాయి, వాటిలో ఫొటో తెల్లగా పాలిపోతుంది. ముందు వెలుగును తగ్గించే నల్లద్దం, అదే ఎన్‌డీ ఫిల్టరైనా పెట్టాలి, మనిషిని తాటాకు పందిరి కిందికైనా తీసుకురావాలి. నువ్వు తీసి చూడకుండా రాశావని అక్కడ తెలిసిపోయింది. తీసి చూసి ఉంటే జరీ అంచు మీద ఊదారంగు గీత కూడా కనిపించేది. పూర్తిగా తెరిచినప్పుడు ఫోకస్‌కు ముందున్న మెరుపుల చుట్టూ ఊదా, వెనకున్నవాటి చుట్టూ ఆకుపచ్చ పడడం ఈ లెన్సుల జబ్బు, ఎఫ్ 2.8 కు దించితే చాలావరకు తగ్గుతుంది. జరీ చీరలు నేసే ఊరివాడు ఇది రాయకపోతే ఎవరు రాస్తారు?

పాత లెన్సు కొనమంటారా అని అడిగావు. కొను, కాని వెనకనుంచి టార్చి వేసి లోపలికి చూడు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, ఎంత చవకైనా వదిలెయ్యి. నా 105కు సముద్రపు గాలిలో రెండు వానాకాలాలకే పట్టింది. అప్పటినుంచి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో లెన్సులు దాచుకుంటున్నాను. వాటిలోని నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మూకుడులో సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలమవుతాయి. ఆ మూకుడు వంటకు వాడవద్దని మా ఇంట్లో గట్టి ఆజ్ఞ. ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను.

వ్యాసం మళ్ళీ రాసినప్పుడు పంపు. దానితో పాటు పనికిరాదన్న ఆ ఫొటోను కూడా ఎనిమిదికి పది సైజులో ప్రింటు వేయించి పంపు, బులాకీ ఎంత బాగా వచ్చిందో చూడాలని ఉంది. కవరులో వెనకాల గట్టి అట్ట పెట్టడం మరిచిపోకు. పోయిన నెల ఇంకొక అబ్బాయి పంపిన ప్రింటు సరిగ్గా ముఖం మధ్యకు మడతపడి వచ్చింది.