ఒకే గ్రానైట్‌లో జిర్కాన్ ఒక వయసు, ఎపటైట్ మరొక వయసు చూపితే దేనిని నమ్మాలి?

కర్ణాటకలోని రామనగర దగ్గరి క్లోజ్‌పేట గ్రానైట్ ముక్కలో జిర్కాన్ అనే ఖనిజం 250 కోట్ల సంవత్సరాలు దాటిన వయసు చూపుతోందని, అదే ముక్కలోని మరో ఖనిజం ఎపటైట్‌లో, యురేనియం కేంద్రకాలు చీలడం వల్ల పడిన విచ్ఛిత్తి జాడల వయసు అందులో చిన్న భాగం మాత్రమే ఉందని, వీటిలో ఏది తప్పో తేల్చమని మీరు అడిగారు. రెండూ సరైనవే కావచ్చు. జిర్కాన్ శిలాద్రవం గడ్డకట్టిన కాలాన్ని చెబుతుంది. ఎపటైట్‌లోని జాడలు ఆ శిల సుమారు 110 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చల్లారిన దశ గురించి చెబుతాయి. ఈ రెండింటి నడుమ ఆ శిల ఎంత లోతులో, ఎంత వేడిలో ఉన్నదన్నదే మీరు వెతకవలసిన విషయం. దక్షిణ భారత గ్రానైట్ల నుంచి ఈ ఖనిజాలను వేరుచేసి కొలిచే పనిలో కొన్నేళ్లు గడిపాను కనుక, ఆ అనుభవం మేరకు చెబుతున్నాను.

జిర్కాన్ స్ఫటికం పెరిగేటప్పుడు యురేనియాన్ని తనలోకి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. అందువల్ల నేడు అందులో కనిపించే సీసం దాదాపు అంతా యురేనియం క్షయం వల్ల పుట్టినదే. యురేనియం-238 అర్ధాయువు 446.8 కోట్ల సంవత్సరాలు, యురేనియం-235 అర్ధాయువు 70.4 కోట్ల సంవత్సరాలు. వేర్వేరు వేగాలతో నడిచే ఈ రెండు గడియారాలు ఒకే వయసు చూపితే ఆ ఫలితాన్ని ధైర్యంగా స్వీకరించవచ్చు. దెబ్బతినని జిర్కాన్ నుంచి సీసం కదలాలంటే 900 డిగ్రీల వరకు వేడి కావాలి. కాబట్టి గ్రానైట్ తరువాత మళ్లీ వేడెక్కినా ఆ వయసు చెరిగిపోదు. క్లోజ్‌పేట గ్రానైట్ జిర్కాన్‌ను అయాన్ ప్రోబ్‌తో (గింజలోని చిన్న బిందువు మీద అయాన్ పుంజం పడేసి కొలిచే యంత్రంతో) కొలిచి 1991లో ప్రచురించిన వయసు 251.3 కోట్ల సంవత్సరాలు, అటూ ఇటూ 50 లక్షలు. అయితే చుట్టూ ఉన్న పెనిన్సులర్ నైస్ అనే పాత రూపాంతర శిలలో 300 కోట్ల సంవత్సరాలు దాటిన భాగాలున్నాయి. ఆ పాత జిర్కాన్ కరగకుండా మిగిలి, కొత్త స్ఫటికానికి నడిమి గర్భంగా మారే అవకాశం ఉంది. అందుకే ఎలక్ట్రాన్ పుంజం తాకి గింజ వెలిగినప్పుడు లోపలి పొరలను చూపే కాథోడోల్యూమినిసెన్స్ చిత్రం చూడకుండా ఏ గింజ మీదా కొలత బిందువు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. యురేనియం ఎక్కువగా ఉన్న పాత జిర్కాన్ కిరణాల దెబ్బకు లోపల చెదిరి, సీసాన్ని కోల్పోతుంది. అటువంటి గింజలను ముందు కాల్చి, తరువాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో చెదిరిన భాగాలను మాత్రమే కరిగించి తీసేసే పద్ధతి 2005 నుంచి బాగా స్థిరపడింది.

మీ ప్రశ్నలో లేనిది మధ్య మెట్టు. చాలా థీసిస్‌లలో ఇదే లోపిస్తుంది, నన్ను నిజంగా బాధపెట్టేదీ ఇదే. శిల చల్లారుతున్నప్పుడు, టైటనైట్ అనే ఖనిజంలో సీసం సుమారు 600 నుంచి 700 డిగ్రీల మధ్య, ఎపటైట్‌లో సుమారు 450 నుంచి 550 డిగ్రీల మధ్య బయటికి కదలకుండా నిలిచిపోతుంది, యురేనియం-సీసం గడియారం అక్కడి నుంచి నడుస్తుంది. సూక్ష్మదర్శినిలో చూడటానికి రాయిని అరగదీసి చేసిన మీ పలుచని ఛేదంలో టైటనైట్ ఉంటే, జిర్కాన్ వయసుకూ ఎపటైట్ జాడల వయసుకూ నడుమ ఉన్న వందల డిగ్రీల ఖాళీని ఈ రెండు కొలతలతో పూరించవచ్చు. క్లోజ్‌పేట విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాదాపు 400 కిలోమీటర్ల పొడవున్న ఈ గ్రానైట్ పట్టీలో దక్షిణాన పైపొరలు ఎక్కువగా కోసుకుపోయి లోతైన భాగం బయటపడింది, ఉత్తరాన పైభాగమే కనిపిస్తుంది. లోతున గడ్డకట్టినది మెల్లగా చల్లారుతుంది కనుక, రెండు కొసల నుంచీ నమూనాలు తీసి టైటనైట్‌ను పోల్చి చూడటం నా దృష్టిలో మీ పనిలో అత్యంత విలువైన భాగం అవుతుంది. ఎపటైట్‌లో పుట్టుకతోనే కొంత సీసం చేరి ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికి అదే శిలలోని పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో ఉన్న సీసాన్ని కొలిచి పెట్టుకోండి. టైటనైట్ వేడినీటి ద్రవాల వల్ల మళ్లీ స్ఫటికీకరణ చెందితే అది చూపే వయసు చల్లారిన కాలం కాదు, ద్రవం వచ్చిన కాలం.

ఇక విచ్ఛిత్తి జాడలు. యురేనియం-238 కేంద్రకం తనంతట తాను చీలినప్పుడు ఎపటైట్‌లో సుమారు 16 మైక్రాన్ల పొడవైన గాయం ఏర్పడుతుంది, దానిని నత్రికామ్లంతో తేటపరచి సూక్ష్మదర్శినిలో లెక్కిస్తాం. 120 డిగ్రీలకు పైన ఆ గాయం పూర్తిగా మానిపోతుంది, 60 నుంచి 120 డిగ్రీల మధ్య కొంత మాని పొట్టిదవుతుంది. శిల ఆ మధ్య పరిధిలో కోట్ల సంవత్సరాలు నిలిచి ఉంటే, వచ్చే వయసు పాత, కొత్త జాడల మిశ్రమమే తప్ప, ఆ సంఖ్యకు సరిపోయే భూగర్భ సంఘటన ఏదీ జరిగి ఉండకపోవచ్చు. అందువల్ల వయసుతో పాటు జాడల పొడవులను తప్పక కొలవండి. సగటు 14, 15 మైక్రాన్ల దగ్గర ఇరుకుగా కూడితే శిల త్వరగా చల్లారిందని, 12 దగ్గర వెడల్పుగా చెదిరితే ఆ పరిధిలో చాలాకాలం ఉందని అర్థం చేసుకోవాలి.

ఈ ఉష్ణోగ్రతలన్నీ గింజ పరిమాణాన్ని, చల్లారిన వేగాన్ని బట్టి మారతాయని శాస్త్రవేత్త డాడ్సన్ 1973లోనే సూత్రంగా చూపారు. పట్టికలోని ఒక్క అంకెను తెచ్చి అన్ని నమూనాలకూ వాడకండి.

గింజలను వేరుచేసే క్రమంలో బ్రోమోఫాం, తరువాత మిథిలీన్ అయొడైడ్ అనే బరువైన ద్రవాల్లో వేస్తే, రెండోదానిలో సాంద్రత 3.2 ఉన్న ఎపటైట్ తేలుతుంది, జిర్కాన్, టైటనైట్ మునుగుతాయి. ఎపటైట్ బయటకు తీయక ముందు ఆమ్లంతో శుభ్రం చేయకూడదు, అది కరిగిపోతుంది. నమూనా సేకరణలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆ ప్రాంతంలో గ్రానైట్‌ను కోసుకుంటూ వెళ్లిన డైకుల్లో (పగుళ్లలోకి శిలాద్రవం చొచ్చి గడ్డకట్టిన పలకల్లో) సుమారు 237 కోట్ల సంవత్సరాల నాటివి ఉన్నాయి. వాటి అంచుకు దగ్గరగా తీసిన ముక్కలో ఎపటైట్ ఆ వేడికి మారి ఉండవచ్చు. అలాగే మన వైపు రాయి కొట్టేవారు మంట పెట్టి బండను పెచ్చులుగా లేపే చోట పైపొరలోని ఎపటైట్ జాడలు చెరిగిపోతాయి కనుక, మసి పట్టిన లేదా పెచ్చులూడిన ముఖాన్ని వదిలి, కనీసం అడుగు లోపలి నుంచి తాజా రాయిని తీసుకోండి.