హజ్‌మత్ రవాణా భద్రత నేర్పే చిన్న నాన్‌ప్రాఫిట్‌కు ఫెడరల్ గ్రాంట్ దొరుకుతుందా?

న్యూజెర్సీలో మీ చిన్న నాన్‌ప్రాఫిట్ ట్రక్ డ్రైవర్లకూ గోడౌన్ కార్మికులకూ ప్రమాదకర సరుకుల (హజ్‌మత్) రవాణాలో జాగ్రత్తలు నేర్పుతోందని, విరాళాలతో నెట్టుకురావడం కష్టంగా ఉందని రాశారు. ఫెడరల్ గ్రాంటుకు అర్హత ఉంది. ఇలాంటి సంస్థలోనే దరఖాస్తులు రాయడం, డబ్బు వచ్చాక లెక్కలు చూడటం నా పని. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు అమెరికా రవాణా శాఖ కింద పైప్‌లైన్లు, ప్రమాదకర సరుకుల భద్రత చూసే ఫిమ్సా (PHMSA) గ్రాంట్లు చూడండి. అన్నీ మీకు పనికిరావు. ప్రమాదాలకు సన్నద్ధం కావడానికి ఇచ్చే హెచ్ఎమ్ఈపీ (HMEP) డబ్బు రాష్ట్రాలకూ, టెరిటరీలకూ, ఆదివాసీ తెగల ప్రభుత్వాలకూ వెళ్తుంది. అలర్ట్ (ALERT) అనే గ్రాంట్ రైళ్లలో వెళ్లే క్రూడాయిల్, ఇథనాల్ లాంటి వాటికి ప్రమాదం జరిగితే ముందుగా చేరుకునే వలంటీర్ ఫైర్ సిబ్బంది కోసం. మీకు సరిపోయేది హెచ్ఎమ్ఐటీ (HMIT), అంటే హజ్‌మత్ శిక్షకుల శిక్షణ గ్రాంట్. ఇది హజ్‌మత్ ఉద్యోగులకు నేర్పడంలో అనుభవం ఉండి, వాళ్లను నిజంగా చేరుకోగల నాన్‌ప్రాఫిట్‌లకు ఇచ్చేది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఈ డబ్బు మొదట శిక్షకులను తయారు చేయడానికి. ఆ శిక్షకులు తోటి ఉద్యోగులకు నేర్పడం తర్వాతి మెట్టు. కాబట్టి "ఏడాదికి ఇంతమంది డ్రైవర్లకు క్లాసు చెబుతాం" అని రాసి ఊరుకుంటే సరిపోదు. అనుభవమున్న డ్రైవర్లను, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లను శిక్షకులుగా ఎలా తీర్చిదిద్దుతారు, వాళ్లు తిరిగి తమ యార్డుల్లో ఎవరికి నేర్పుతారు, నేర్పారని మీకెలా తెలుస్తుంది? ఈ మూడింటికీ జవాబు ఉండాలి. నా అనుభవంలో దరఖాస్తు బలమంతా మూడో ప్రశ్నలోనే ఉంటుంది.

ఎవరికి నేర్పుతారన్నది కూడా విశాలంగా ఆలోచించండి. ఫెడరల్ నిబంధనల ప్రకారం హజ్‌మత్ ఉద్యోగి అంటే ట్యాంకర్ డ్రైవర్ ఒక్కడే కాదు. పెట్టెలో లిథియం బ్యాటరీ సర్దేవాళ్లు, లేబుల్ అంటించేవాళ్లు, షిప్పింగ్ పేపర్లు తయారు చేసేవాళ్లు, డ్రమ్ములు ఎక్కించి దించేవాళ్లు కూడా. కొత్తగా చేరినవాళ్లకు 90 రోజుల్లోగా శిక్షణ పూర్తి కావాలి, అప్పటిదాకా శిక్షణ పొందిన మనిషి కనుసన్నల్లోనే పని చేయాలి. ఆ తర్వాత కనీసం మూడేళ్లకోసారి మళ్లీ నేర్పాలి. ఈ బాధ్యత యజమానిది. అలాంటప్పుడు గ్రాంట్ ఎందుకు అని సమీక్షకులకు అనుమానం వస్తుంది. దానికి మీరే ముందుగా జవాబు రాయండి. ఏజెన్సీల ద్వారా వచ్చే తాత్కాలిక కార్మికులు, ఇంగ్లిష్ బాగా చదవలేని వాళ్లు పేరుకు మాత్రమే జరిగే శిక్షణలో ఏం నష్టపోతున్నారో మీ క్లాసుల్లో రోజూ చూస్తూనే ఉంటారు. నిప్పు పక్కన పనిచేసే మనిషికి అర్థం కాని భాషలో వీడియో చూపించి సంతకం పెట్టించుకోవడం శిక్షణ కాదు. ఆ మాట గట్టిగానే రాయండి.

2023 ఫిబ్రవరి 3న ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్‌లో ప్రమాదకర రసాయనాలతో వెళ్తున్న రైలు పట్టాలు తప్పిన సంగతితో మొదటి పేజీ నింపకండి. చదివేవాళ్లకు అది తెలుసు. మీ కౌంటీ గుండా ఏ సరుకు వెళ్తుందో, మీ మనుషులు ఎక్కడ పనిచేస్తారో వాళ్లకు తెలియదు. పేజీ దానికి వాడండి.

ఇక డబ్బు సంగతి. ఇది సాధారణంగా ముందు ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకునే గ్రాంట్. రెండు మూడు నెలల జీతాలకు, హాలు అద్దెలకు చేతిలో నిల్వ లేకపోతే గ్రాంట్ వచ్చాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. పరోక్ష ఖర్చులకు, అంటే ఆఫీసు అద్దె, అకౌంటింగ్ లాంటి ఉమ్మడి ఖర్చులకు, ప్రభుత్వంతో ముందే కుదిరిన ఒప్పంద రేటు మీకు లేకపోతే నేరుగా అయ్యే ఖర్చుల్లో లెక్కకు వచ్చేవాటిపై 15 శాతం దాకా అడగొచ్చు. 2024 అక్టోబరుకు ముందు అది 10 శాతమే, అందుకని పాత నమూనా దరఖాస్తును చూసి బడ్జెట్ వేయకండి.

ఒంటరిగా ఇంత బరువు మోయలేం అనిపిస్తే పర్యావరణ ఆరోగ్యంపై పనిచేసే ఫెడరల్ పరిశోధన సంస్థ ఎన్ఐఈహెచ్ఎస్ (NIEHS) నడిపే వర్కర్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ చూడండి. విషపూరిత వ్యర్థాల స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టానికి 1986లో చేసిన సవరణతో ఇది పుట్టింది. యూనివర్సిటీలు, యూనియన్ శిక్షణ సంస్థలు కలిసి కూటములుగా ఆ డబ్బు తీసుకుంటాయి. అలాంటి కూటమిలో ఉపగ్రహీతగా, అంటే పెద్ద సంస్థ గ్రాంటులోంచి వాటా తీసుకునే సంస్థగా చేరితే ఆడిట్, రిపోర్టుల భారంలో చాలా భాగం పెద్ద సంస్థే చూసుకుంటుంది. చిన్న సంస్థకు ముందు ఈ దారే మంచిదని నా అభిప్రాయం. రెండేళ్ల రికార్డు చేతికొచ్చాక హెచ్ఎమ్ఐటీకి సొంతంగా వెళ్లొచ్చు.

ఏ దారిలో వెళ్లినా ఫెడరల్ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ సైటు సామ్ డాట్ గవ్ (SAM.gov)లో రిజిస్ట్రేషన్ ఇప్పుడే మొదలుపెట్టండి. మీ సంస్థను గుర్తించే యూఈఐ (UEI) నంబర్ అక్కడే ఇస్తారు. సంస్థ పేరు, చిరునామా కాగితాలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలకపోతే వారాలు పడుతుంది, గ్రాంట్ గడువు మాత్రం ఆగదు. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. డబ్బు కడితే చేసిపెడతామని వచ్చే మెయిళ్లకు జవాబివ్వకండి.