జామాయిల్ లేత ఆకులపై బుడిపెలు: మందు కొడితే పోతాయా?

ఒంగోలు చుట్టుపక్కల జామాయిల్ తోటల్లో లేత ఆకుల నడిమి ఈనెలపైనా, కాడలపైనా వస్తున్న బుడిపెలు మందు కొడితే పోతాయా అని అడిగారు. పోవు. ఇది 2000 దశకం తొలినాళ్లలో దక్షిణ భారతంలో బయటపడిన, ఆస్ట్రేలియాకు చెందిన గాల్ (బుడిపె) కందిరీగ పని. మిల్లీమీటరుకు కాస్త మించిన తల్లి పురుగు లేత కణజాలంలోకి గుడ్లు చొప్పిస్తుంది. పిల్లపురుగు బుడిపె లోపలే పెరుగుతుంది కనుక పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు, పైగా మేలుచేసే పురుగులు చస్తాయి. నారుమొక్కలకూ, నరికిన మోళ్ల పిలకలకూ నష్టం ఎక్కువ, అవి గిడసబారిపోతాయి. అందువల్ల నర్సరీలో మొక్కలు కొనేటప్పుడే ఆకు తిప్పి చూసి, బుడిపె ఉన్నవాటిని తీసుకోకూడదు. ఈ పురుగును తట్టుకునే క్లోన్లనే (ఒకే మేలైన చెట్టు నుంచి పిలకలు తీసి పెంచిన మొక్కలనే) నాటాలి. క్వాడ్రాస్టికస్ మెండెలి అనే మరో చిన్న కందిరీగ ఈ పిల్లపురుగులనే తిని పెరుగుతుంది. నా దృష్టిలో తోటలో అన్నిటికన్నా నమ్మదగిన ఉపాయం దాన్ని బతకనివ్వడమే.