సైకిల్ మీద మీ దమ్ము ఎన్ని వాట్లు?

ప్రశ్న: సైకిల్‌కు పవర్ మీటర్ (కాళ్ల బలాన్ని వాట్లలో కొలిచే పరికరం) పెట్టుకుని ఒకరోజు 3 నిమిషాలు, మరోరోజు 12 నిమిషాలు ఉన్నదంతా ఊడ్చి తొక్కాను. సగటున 330, 255 వాట్లు వచ్చాయి. నిలకడగా ఎంత తొక్కగలనో, ఆపైన నిల్వ ఎంత ఉందో వీటితో తేలుతుందా? 20 నిమిషాల టెస్టు ఒక్కటి చాలదా?

జవాబు: తేలుతుంది. కాగితం, పెన్ను చాలు. వాట్లను సెకన్లతో గుణిస్తే చేసిన పని జౌళ్లలో వస్తుంది. చిన్న టెస్టులో 330 × 180 = 59,400. పెద్ద టెస్టులో 255 × 720 = 1,83,600. రెంటికీ తేడా 1,24,200 జౌళ్లు. అదనంగా తొక్కిన సమయం 540 సెకన్లు. భాగిస్తే 230 వాట్లు. ఇదే మీ క్రిటికల్ పవర్, అంటే నిలకడగా తొక్కగల వాట్లు. ఆ లెక్కన 3 నిమిషాల్లో 41,400 జౌళ్లే రావాలి, మీరు 59,400 చేశారు. పైన మిగిలిన 18,000 జౌళ్లు, అంటే 18 కిలోజౌళ్లు, మీ నిల్వ. దీన్నే డబ్ల్యూ ప్రైమ్ అంటారు. పనికీ సమయానికీ మధ్య ఈ సరళరేఖను మోనో, షెరర్ 1965లో కండరాల మీద చూపారు. సైకిల్‌కు ఆ తర్వాత అన్వయించారు. ఈ నిల్వ మొత్తాన్నీ ఆక్సిజన్‌తో పనిలేని శక్తి అనుకోకండి. క్రిటికల్ పవర్‌కు పైన, అలసి ఆగేలోపు చేయగలిగే పని అంతే.

20 నిమిషాల టెస్టులో నిలకడగా తొక్కగల వాట్లను అంచనా వేయడానికి సగటును 0.95తో గుణిస్తారు. పైన చేసిన క్రిటికల్ పవర్ లెక్కన మీకు ఆ టెస్టులో 245 వాట్లు రావాలి, అందులో 15 వాట్లు నిల్వ నుంచి వచ్చినవే (18,000ను 1,200 సెకన్లతో భాగిస్తే 15). నిల్వ 25 కిలోజౌళ్లున్నవారికి దాదాపు 21 వాట్లు, 12 ఉన్నవారికి 10 వాట్లు అలా కలుస్తాయి. అందరికీ ఒకే 5 శాతం కోస్తే ఈ తేడా కనబడదు.

ప్రశ్న: ఈ రెండు అంకెల్లో దేన్ని ఎక్కువ నమ్మొచ్చు?

జవాబు: క్రిటికల్ పవర్‌ను. పై సైక్లిస్టే 3 నిమిషాల టెస్టులో కాస్త దాచుకుని 315 దగ్గర ఆగాడనుకోండి. క్రిటికల్ పవర్ 235కు పెరుగుతుంది, అంతే. నిల్వ మాత్రం 18 నుంచి 14.4 కిలోజౌళ్లకు పడిపోతుంది. 15 వాట్ల పొరపాటుకు నిల్వలో ఐదో వంతు మాయం! పెద్ద టెస్టులో 10 వాట్లు తగ్గితే ఫలితం తిరగబడుతుంది: క్రిటికల్ పవర్ 217, నిల్వ 20.4. రెంటిలో ఏది తడబడినా ఒక అంకె దిగి, రెండోది ఎక్కుతుంది.

అందుకే 6 నిమిషాల మూడో టెస్టు తప్పనిసరి అని మా అభిప్రాయం. మీకు 280 వాట్లు రావాలి (18,000ను 360తో భాగిస్తే 50, దానికి 230 కలపండి). ఐదారు వాట్ల లోపు తేడా అయితే సరే. అంతకు మించితే ఏదో ఒక టెస్టులో దమ్ము దాచుకున్నారు, లేదా మొదట్లోనే ఎగబడి చివర్లో చతికిలబడ్డారు. ఆ టెస్టు మళ్లీ చేయండి.

ప్రతిసారీ మీటర్‌ను సున్నాకు సరిచేయండి. వేరే రోజుల్లో, ఒకే చోట, ఒకే భంగిమలో తొక్కండి. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద ఒకటి, రోడ్డు ఎత్తు మీద ఒకటి కలిపితే లెక్క చెడుతుంది. తీసుకోవాల్సింది మామూలు సగటు. నార్మలైజ్డ్ పవర్ (హెచ్చుతగ్గుల్లో ఎక్కువ వాట్లకు ఎక్కువ బరువిచ్చి సవరించిన సగటు) కాదు. పెడల్ ఆపిన సెకన్లు కూడా లెక్కలో ఉండాలి. రెండు నిమిషాల కన్నా చిన్న టెస్టును ఇందులోకి తేవద్దు. 10 సెకన్లకు ఈ సూత్రం 2,030 వాట్లు చూపిస్తుంది, అన్నేసి వాట్లు మీ కాళ్లలో ఉండవు.

ప్రశ్న: ఎత్తు ఎక్కేటప్పుడు ఇది ఎలా పనికొస్తుంది?

జవాబు: 290 వాట్లతో ఎక్కితే క్రిటికల్ పవర్‌కు 60 పైన ఉన్నారు. 18,000ను 60తో భాగిస్తే 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. 320తో అయితే 200 సెకన్లే. నిల్వ తిరిగి నిండేది 230కి దిగువన తొక్కినప్పుడే. 220 దగ్గర నెమ్మదిగా, 120 దగ్గర చాలా వేగంగా నిండుతుంది. ఇవి తాజా కాళ్ల లెక్కలు. మూడు గంటలు తొక్కాక క్రిటికల్ పవరే తగ్గుతుంది కాబట్టి చివరి ఎత్తుకు 290 కాకుండా 270 పెట్టుకుని మొదలుపెట్టండి.