పీఆర్ చదువుకి విదేశం వెళ్తున్నారా? సాధన హైదరాబాద్‌లోనే మొదలుపెట్టండి

సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా మా నల్లకుంట ఇంట్లో రెండు మూడు సాయంత్రాలు పిల్లలతోనే గడిచిపోతాయి. పైచదువులకు లండన్ వెళ్లబోయేవాళ్లు, వాళ్లను వెంటబెట్టుకొచ్చే అమ్మానాన్నలు. ఇన్నేళ్లూ అందరూ సాఫ్ట్‌వేర్ గురించే అడిగేవారు. ఈసారి విద్యానగర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్ చదివిందట, పబ్లిక్ రిలేషన్స్‌లో (పీఆర్, అంటే ఒక సంస్థ మాటను జనానికి, పత్రికలకు చేర్చే పని) ఎంఏకి సీటు వచ్చిందట, సెప్టెంబర్‌లో ప్రయాణం. కూర్చోగానే అడిగేసింది: "అక్కా, నా ఇంగ్లీషు సరిపోతుందా?"

సరిపోతుందనే చెప్పాను. ఐఈఎల్‌టీఎస్‌లో ఏడు తెచ్చుకున్న పిల్లకి భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. పీఆర్‌లో మనం చెప్పిన మాట అవతలివాళ్ల చెవిలో ఏమై పడిందో తెలుసుకోవడమే అసలు పని. అది ఒక్కో దేశంలో ఒక్కోలా పడుతుంది, ఒక్కోసారి ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య కూడా మారిపోతుంది. పద్దెనిమిదేళ్లుగా లండన్‌లో ఈ పనే చేస్తున్నాను. నాకు ఈ సంగతి తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

నేను ఉస్మానియాలో జర్నలిజం చదివి, ఒక తెలుగు దినపత్రిక డెస్కులో మూడేళ్లు చేసి వెళ్లాను. ప్రెస్‌నోట్‌లు రోజుకి ముప్పై నలభై చూసిన చెయ్యి. లండన్ ఏజెన్సీలో మొదటి వారం ఒక ఛారిటీ కార్యక్రమానికి నోట్ రాయమన్నారు. రాశాను. ముఖ్య అతిథి ఎవరు, అధ్యక్షత ఎవరిది, విశిష్ట అతిథులు ఎవరెవరు, హోదాల వరసలో ఎక్కడా పొరపాటు లేకుండా పేజీన్నర. మా మేనేజర్ ఎర్ర పెన్నుతో మొదటి పేజీ మొత్తం కొట్టేసి, రెండో పేజీ మధ్యలో ఒక వాక్యం చుట్టూ గీత గీసింది. ఇల్లు లేనివాళ్లకు ఆ ఛారిటీ ఇకపై రాత్రిళ్లు కూడా తలుపు తెరిచి ఉంచుతుందన్న వాక్యం అది. "వార్త ఇది. ఇక్కణ్నుంచి మొదలుపెట్టు" అంది.

ఆ పాఠం బాగా ఒంటబట్టింది. కొన్నేళ్ల తర్వాత అక్కడి క్లయింట్ ఒకరు హైదరాబాద్‌లో శిక్షణ కేంద్రం తెరుస్తుంటే నన్నే పంపారు. సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో ప్రెస్ మీట్. నోట్ లండన్ పద్ధతిలో రాశాను: ఎంతమందికి శిక్షణ, ఎన్ని నెలలు, ఫీజు ఎంత. వేదిక మీద కూర్చున్న పెద్దాయన పేరు నాలుగో పేరాలో వచ్చింది. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడు నెలల పాటు మా ఫోన్ ఎత్తలేదు.

శుభలేఖలో పెదనాన్న పేరు కింది వరసలో పడితే పెళ్లికి రాని చుట్టాలున్న చోటు మనది. ప్రెస్‌నోట్‌లో పేర్ల వరస కూడా అలాంటిదే. ఈ పనికి వెనక ఎవరున్నారు, రేపు అడగాల్సి వస్తే ఎవరిని అడగాలి, ఎవరికి మర్యాద చేశారు అన్నవి మన పాఠకుడు ఆ వరసలోంచే చదువుకుంటాడు. లండన్ పాఠకుడికి ఆ సమాచారం వేరే చోట దొరుకుతుంది. ఇది తెలిశాక రెండు చోట్లకీ రెండు నోట్‌లు రాస్తున్నాను. నిజాలు అవే, వరస మారుతుంది. ఒకే నోట్‌ని అనువాదం చేయించి పంపే అలవాటున్న చోట చేరితే, గట్టిగా వద్దని చెప్పండి.

ఇక "సరే" అన్న మాట సంగతి. మనవాళ్లు "చూద్దాం లెండి" అంటే అర్థమేమిటో మీకు ఎవరూ నేర్పలేదు, అయినా తెలుసు. పాతబస్తీలో "దేఖేంగే" అన్నా అంతే. బ్రిటిష్ ఎడిటర్ మీ కథనం ఆలోచన విని "వెరీ ఇంట్రెస్టింగ్" అంటే ఒప్పుకున్నారని అనుకోకండి, చాలాసార్లు అది మన "చూద్దాం లెండి"యే. జపాన్‌లో "కాస్త కష్టమండీ" అన్నారంటే కాదన్నట్టే. జర్మన్ సహోద్యోగి మాత్రం మీ పని బాగోలేకపోతే అందరి ముందే బాగోలేదనేస్తాడు, భోజనానికి పిలిస్తే నవ్వుతూ వస్తాడు. అందులో కోపం లేదు. అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1970ల్లోనే దీనికి హై కాంటెక్స్ట్, లో కాంటెక్స్ట్ అని పేర్లు పెట్టారు. చెప్పకుండా అర్థం చేసుకునేది ఎక్కువున్న సమాజాలు మొదటివి, అంతా విప్పి చెప్పుకునేవి రెండోవి. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల మీద పలు దేశాల్లో చేసిన సర్వేలు కూడా మీ సిలబస్‌లో ఉంటాయి. శ్రద్ధగా చదవండి. కానీ దేశం గురించి చెప్పిన లెక్కని మీ ఎదురుగా కూర్చున్న మనిషికి అంటించకండి. తెలుగువాళ్లంతా ఒకటేనని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? కోనసీమ మాటకీ కరీంనగర్ మాటకీ ఉన్న తేడా మనకు తెలుసు కదా.

సంక్షోభం వచ్చినప్పుడు ఈ తేడాలు ప్రాణం మీదికి వస్తాయి. ఏ కోర్సులో చేరినా మొదటి నెలలోనే టైలెనాల్ అనే నొప్పి మాత్ర కథ చెబుతారు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో మాత్రల్లో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటా సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. గొప్ప ఉదాహరణే. అయితే అది ఒక దేశంలో జరిగిన కథ. 2010లో టయోటా విషయం చూడండి. లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చి, అధినేత అకియో టయోడా ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని క్షమాపణ చెప్పారు. అంతకు కొద్ది రోజుల ముందు జపాన్ ప్రెస్ మీట్‌లో ఆయన తల ఎంత లోతుగా వంచారన్నది కూడా అక్కడ చర్చ అయింది. జపాన్‌లో వంగి క్షమాపణ అడగడం బాధ్యత తలకెత్తుకోవడం. అమెరికాలో లాయర్లు ఆ మాటే రేపు కోర్టులో ఎలా వాడతారో చూసుకుని గానీ ఒక్క పదం బయటికి వదలరు. టోక్యోకీ న్యూయార్క్‌కీ ఒకే రోజు ప్రకటన పంపాల్సిన కుర్చీలో మీరున్నారనుకోండి. ఆ లాయర్ భయమూ న్యాయమైనదే, బాధితుల కుటుంబం ఎదురుచూపూ న్యాయమైనదే. రెండింటి మధ్య వాక్యం కట్టడం మీ పని.

మన ఇళ్లల్లోకి వచ్చిన సంక్షోభం ఒకటి చెప్తాను. 2015లో మ్యాగీ నూడుల్స్‌లో సీసం ఎక్కువుందన్నారు. జూన్ 5న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అమ్మకాలు ఆపమంది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, నవంబర్‌లో ప్యాకెట్లు మళ్లీ షాపులకు వచ్చాయి. ఆ జూన్‌లో మా వదిన ఫోన్ చేసి పరీక్షల్లో ఎంత పీపీఎం తేలిందని అడగలేదు. "పిల్లలకి పెట్టొచ్చా, పెట్టకూడదా? అది చెప్పు" అంది. కంపెనీలు ల్యాబ్ రిపోర్టులతో జవాబు చెబుతున్నప్పుడల్లా నాకు ఆ ఫోన్ గుర్తొస్తుంది. వంటింట్లో నిలబడి అడిగిన ప్రశ్నకు వంటింటికి సరిపడే జవాబు ఉండాలి. రిపోర్టు దాని వెనక ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఒక చిన్న కరపత్రం. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మనవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ షుగర్ వ్యాధి మీద అవగాహన కలిగించే ఒక సంస్థ తెలుగు కరపత్రం తెచ్చి, దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు, చూడమంది. "పిండిపదార్థాల వినియోగాన్ని పరిమితం చేయండి" అని ఉంది, పక్కన బ్రెడ్డు, పాస్తా బొమ్మలు. తెలుగులో తప్పేమీ లేదు. గుడి దగ్గర ఒక పెద్దావిడ చేతికిచ్చి చదవమన్నాను. సంచిలోంచి కళ్లజోడు తీసి, ఆసాంతం చదివి, మడత చెడకుండా వెనక్కిచ్చేసింది. "ఇది నాకు కాదమ్మా, నేను బ్రెడ్డు ముట్టను" అంది. ఆవిడ ఇన్సులిన్ తీసుకుంటోంది, మూడు పూటలా అన్నమే తింటోంది.

బొమ్మ తీసేసి స్టీలు కంచం పెట్టాం, అందులో అన్నం, పప్పు, బీరకాయ కూర. వాక్యం ఇలా మార్చాం: "అన్నం మారు వడ్డించుకోకండి. ఆకలి తీరకపోతే కూర మారు వడ్డించుకోండి." ఆ కాగితాన్ని ఇళ్లకు తీసుకెళ్లి ఫ్రిజ్ మీద అంటించుకున్నవాళ్లను నేనే చూశాను. పంజాబీ కుటుంబాల కోసం చేసినప్పుడు కంచంలోకి రొట్టెలు వచ్చాయి, నెయ్యి గురించి వేరే వాక్యం వచ్చింది. ఈ పనికి కావాల్సిన ఇంగ్లీషు అక్కడివాళ్లకి మనకన్నా బాగా వచ్చు. ఆ కంచం మాత్రం మనకే తెలుసు. మీరు ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఇలాంటి పని ఒక్కటి చూపించగలిగితే, మార్కుల షీటు వాళ్లు రెండోసారి చూడరు.

డబ్బు, వీసా సంగతి నిజాయితీగా చెప్పాలి. ఎందుకంటే ఏజెంట్లు ఇది చెప్పరు. బ్రిటన్‌లో చదువు పూర్తయ్యాక గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకి మారాలంటే 2025 జులై నుంచి సాధారణ జీతపు గీత, అంటే ఉండాల్సిన కనీస జీతం, ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత సడలింపు ఉన్నా, పీఆర్‌లో మొదటి ఉద్యోగం జీతం చాలాసార్లు ఆ తగ్గించిన గీతనూ అందుకోదు. అమెరికా వెళ్లేవాళ్లు చేరబోయే కోర్సు సీఐపీ కోడ్ (అది ఏ వర్గం చదువో చెప్పే సంఖ్య) ఏమిటో యూనివర్సిటీని ముందే అడగాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలతో ఆగిపోతుంది, మిగతా 24 నెలలు రావు. పేరులో డిజిటల్ ఉందని అదంతా స్టెమ్ అనుకోవద్దు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకునే ముందు ఈ లెక్క నాన్నగారితో కూర్చుని వేసుకోండి. ఈ మాట అనగానే ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. నాకు చాలా సంతోషమనిపించింది.

ఇంకో రెండు విషయాలు. మన దగ్గర ప్రెస్ మీట్ అయ్యాక విలేకరులకు గిఫ్టు బ్యాగు ఇవ్వడం చాలామందికి అలవాటు. అక్కడ ఆ పని చెయ్యకండి. బ్రిటన్‌లో 2010 నాటి లంచాల నిరోధక చట్టం ప్రైవేటు వ్యవహారాలకూ వర్తిస్తుంది. అలాగే క్లిప్పింగులు కత్తిరించి, కాలమ్ సెంటీమీటర్లు కొలిచి, యాడ్ రేటుతో గుణించి ఇంత విలువైన ప్రచారం వచ్చిందని చూపించే పద్ధతి కూడా వదిలేయండి. 2010లో బార్సిలోనా సూత్రాలు అనే ఒప్పందంతో ఆ లెక్క చెల్లదని పీఆర్ రంగమే ఒప్పుకుంది. జనం ఏం తెలుసుకున్నారు, ఏం మార్చుకున్నారు అన్నదే ఇప్పుడు అడుగుతారు.

సెప్టెంబర్ దాకా ఏం చెయ్యాలంటే, ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. తార్నాక దగ్గర ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. అరబిక్, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ నేర్పుతారు. భాష మొత్తం రాకపోయినా, ఆ భాషలో ఎలా కాదంటారో, ఎలా క్షమాపణ అడుగుతారో తెలిస్తే చాలు. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్ చాప్టర్ ఉంది, ఏటా ఏప్రిల్ 21న జాతీయ పీఆర్ దినోత్సవం జరుపుతారు. వెళ్లి వెనక వరసలో కూర్చుని రిటైరైన పీఆర్‌వోలు చెప్పేది వినండి. లండన్ చేరాక చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ రిలేషన్స్‌లో విద్యార్థి సభ్యత్వం తీసుకోండి. వెళ్లబోయే దేశం పేపరు ఒకటి ఇప్పటినుంచే రోజూ చదవండి. హెడ్‌లైన్ల కన్నా పాఠకుల ఉత్తరాలు ముందు చదవండి, ఆ జనానికి ఎక్కడ నొప్పి పుడుతుందో వాటిలో తెలుస్తుంది.

ఆమెకి ఒక పని కూడా ఇచ్చాను. వాళ్ల కాలనీలో మంచినీళ్ల ట్యాంకు రెండు రోజులు కడుగుతారు, నీళ్లు రావు. ఆ ఒక్క సంగతిని 150 పదాల్లో మూడుసార్లు రాయమన్నాను: కాలనీ పెద్దలకు తెలుగులో, కింది వాటాలో కొత్తగా దిగిన ఢిల్లీ కుటుంబానికి ఇంగ్లీషులో, మెహిదీపట్నంలోని స్నేహితురాలి ఇంట్లో వాళ్ల అమ్మమ్మకి చదివి వినిపించేలా దక్కనీలో. రాశాక వాళ్లకే చదివి వినిపించి, ఎక్కడ ఆగి మళ్లీ అడిగారో పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాను.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు రోజు మూడు కాగితాలూ తెచ్చింది. తెలుగు కాగితం మీద ఒక్క గుర్తూ లేదు. ఢిల్లీ వాళ్ల దాని మీద రెండున్నాయి. అమ్మమ్మ కాగితం నిండా పెన్సిల్ గీతలే. "ట్యాంకు ఎందుకు కడుగుతున్నారో రాశాను అక్కా, ఎన్ని బిందెలు పట్టి పెట్టుకోవాలో రాయలేదు. ఆవిడ అదే అడిగింది" అంది. ఆ మూడో కాగితం గీతలతో సహా దాచుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్లమన్నాను. లండన్‌లో దిగిన వారంలోపు ఫోన్ చెయ్యమన్నాను, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.